ముఖము వంకరపోయిన వారి మనస్సును తెలిసికొనుట

ఈ నెల పాఠమునకు మేము ఎంచుకొన్న విషయము ముఖ పక్షవాతము. మన ఇండ్లలో ఈ మాట ఎవరూ వాడరు. "మూతి వంకర పోయింది" అంటారు, లేదా "గాలి కొట్టింది" అంటారు. ఆయుర్వేద వైద్యులు దీనిని అర్దిత వాతము అంటారు. పేరు ఏదైనా జరిగేది ఒకటే. రాత్రి బాగానే పడుకొన్న మనిషి ఉదయము లేచి నోరు పుక్కిలించబోతే నీళ్ళు ఒక ప్రక్కనుండి కారిపోతాయి. అద్దములో చూచుకొంటే ఒక కన్ను మూతపడదు. నుదుటి ముడతలు ఒక వైపు మాయమై ఉంటాయి. నవ్వబోతే మూతి మంచి వైపునకు లాగివేస్తుంది.

దీనికి ఏ మందు వేయాలన్నది డాక్టర్ల పని. మన పాఠము వేరు. ముఖము కదలని మనిషికి లోపల ఏమి జరుగుతున్నది? ఇంటిలో, పనిలో, సంఘములో ఆ మనిషి ఏమేమి పోగొట్టుకొంటున్నాడు? మనకు తోచినది అనుకొని సరిపెట్టుకొనక, ఆ సంగతి సరిగా తెలిసికొనుట ఎట్లు? పరామర్శకు వెళ్ళే పెద్దలు, స్త్రీల సమాజపు సహోదరీలు, ఇంటిలో రోగి ఉన్నవారు దీనిని శ్రద్ధగా చదువవలెనని కోరుతున్నాము. ఉపాధ్యాయ శిక్షణలో మాకు మొదట నేర్పిన పాఠములలో మూల్యాంకనము ఒకటి. మార్కులు వేసి పిల్లలను వరుసలో నిలబెట్టుటకు మూల్యాంకనము ఏర్పడలేదు. పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో కనిపెట్టి, అక్కడినుండి చేయి పట్టుకొని నడిపించుటకు ఏర్పడినది. రోగి మనస్సును తెలిసికొనుట కూడా అటువంటి పనియే.

ముందుగా శరీరపు సంగతి కొంచెము. మెదడునుండి బయలుదేరే 12 జతల నాడులలో ఏడవది ముఖ నాడి. అది చెవి దగ్గరి ఎముకలో ఒక సన్నని సొరంగము గుండా వచ్చి, ముఖపు కండరములన్నిటికి కొమ్మలుగా చీలుతుంది. స్కాట్లండుకు చెందిన శస్త్రవైద్యుడు చార్లెస్ బెల్ 1821లో ఈ నాడిని గూర్చి వివరించినందువలన, వేరే కారణము కనబడకుండా హఠాత్తుగా వచ్చే ముఖ పక్షవాతమును బెల్స్ పాల్సీ అంటున్నారు. ఏటా లక్షమందిలో సుమారు 20 నుండి 30 మందికి ఇది వస్తుంది. షుగరు వ్యాధి ఉన్నవారిలోను, నెలలు నిండుతున్న గర్భిణీ స్త్రీలలోను కొంత ఎక్కువ. రాత్రి రైలు కిటికీ ప్రక్క కూర్చున్నందున గాలి కొట్టిందని మనవారు చెప్పుకొంటారు. డాక్టర్లు చెప్పేది, ఆ ఎముక సొరంగములో నాడి వాచి నలుగుతుందని, హెర్పిస్ జాతి వైరసు దానికి కారణము కావచ్చునని. చెవిలో పొక్కులతోను, తీవ్రమైన నొప్పితోను వస్తే అది రామ్సే హంట్ వ్యాధి. రోడ్డు ప్రమాదములు, చెవి వ్యాధులు, గడ్డలు, వాటికి చేసే ఆపరేషన్లు, కుష్ఠు వ్యాధి కూడా ముఖ నాడిని దెబ్బతీయగలవు.

మూడు విషయములు ఆలస్యము కూడనివి. చేయి గాని కాలు గాని బలహీనపడినా, మాట తడబడినా, నుదుటి ముడతలు రెండు వైపులా పడుతూ మూతి మాత్రమే జారినా అది మెదడులో వచ్చిన పక్షవాతము కావచ్చును. ఈ తేడాను ఇంటిలో తేల్చుకొనుటకు కూర్చొనవద్దు. ముఖము హఠాత్తుగా జారితే తిన్నగా ఆసుపత్రికి పోవలసినదే. రెండవది, బెల్స్ పాల్సీకి ప్రెడ్నిసొలోన్ మాత్రలు 72 గంటలలోపల మొదలుపెడితే మేలు ఎక్కువ. స్కాట్లండులో 551 మంది రోగులపై జరిగిన పరిశోధన 2007లో అచ్చయినది. ఈ మాత్రలు వాడినవారిలో తొమ్మిది నెలలకు 100కి 94 మంది పూర్తిగా కోలుకొన్నారు. వాడనివారిలో ఆ లెక్క 82. షుగరు ఉన్నవారు డాక్టరు చూపులో ఉండియే వాడాలి. మూడవది కన్ను. మూతపడని కన్ను ఎండిపోయి పుండు పడి చూపు పోవచ్చును గనుక పగలు చుక్కలు, రాత్రి పూతమందు, పడుకొనేటప్పుడు రెప్పమీద టేపు వేయించుకొనాలి. పసరులు పోయించుటలోను, పావురాయి రక్తము పూయించుటలోను ఆ మూడు రోజులు గడిపివేసే కుటుంబములు ఇప్పటికీ ఉన్నవని చెప్పుటకు బాధగా ఉన్నది.

ధైర్యము చెప్పదగిన మాట కూడా ఉన్నది. డెన్మార్కు వైద్యుడు పీటర్సన్ 25 సంవత్సరముల పాటు రోగులను గమనించి 2002లో ప్రకటించిన లెక్క ప్రకారము, బెల్స్ పాల్సీ వచ్చినవారిలో ఏ మందూ లేకుండానే 100కి 71 మంది పూర్వపు స్థితికి వచ్చారు. ఎక్కువమందిలో మొదటి మూడు వారములలోనే కదలిక కనబడినది. అయినను మిగిలిన 29 మంది సంగతి ఏమిటి? కోలుకొన్నవారికైనా ఆ వారములు, నెలలు ఎట్లు గడిచినవి? మన పాఠము ఇక్కడ మొదలవుతున్నది.

ముఖము ఎంత కదులుతున్నదో కొలుచుటకు డాక్టర్ల దగ్గర హౌస్–బ్రాక్‌మన్ కొలత ఉన్నది. ఇది 1985 నుండి వాడుకలో ఉన్నది. ఒకటవ మెట్టు అంటే మామూలు ముఖము, ఆరవ మెట్టు అంటే ఏమాత్రము కదలనిది. నాలుగవ మెట్టు మనిషికంటె ఆరవ మెట్టు మనిషికి బాధ ఎక్కువ ఉంటుందని ఎవరికైనా తోస్తుంది. చూచినవారు కనుగొన్నది అది కాదు. ముఖపు వంకరకును మనస్సులోని క్రుంగుదలకును లెక్క సరిపోదని పలు పరిశోధనలు చూపినవి. 2011లో ఇంగ్లండునుండి వచ్చినది అందులో ఒకటి. కొద్దిగా వంకర ఉన్న మనిషి గది తలుపు వేసుకొని కూర్చొనవచ్చును. పూర్తిగా కదలని ముఖముతో మరొకరు బజారులో కూరగాయలు బేరమాడుచు తిరుగవచ్చును. అందుచేత "నీకేమి, అంతగా కనబడటము లేదులే" అని పరామర్శకు వచ్చినవారు అనే మాట ఓదార్పు కానేరదు. నా బాధ వీరికి అర్థము కాలేదని రోగి ఆ క్షణముననే నోరు మూసుకొంటాడు.

మరి దేనికి లెక్క సరిపోతుంది? అమెరికాలోని పిట్స్‌బర్గులో వాన్‌స్వేరింజెన్ అనే ఆమె, తోటివారితో కలిసి, 1999లో ఒక సంగతి ప్రకటించారు. ముఖములోని ఇతర కదలికలు పోవుటకంటె, నవ్వు పోవుట క్రుంగుదలతో ఎక్కువగా ముడిపడి ఉన్నదట. ఆలోచించి చూస్తే ఇది మనకు తెలియని సంగతి కాదు. వీధిలో ఎదురైన మనిషికి మనము ముందు ఇచ్చేది నవ్వు. ఆ నవ్వు తిరిగి రాకపోతే "ఏమిటో, ఈ మధ్య పొగరు పట్టింది" అనుకొంటాము. సగము మూతితో వచ్చిన నవ్వు వెక్కిరింతలాగ కనబడుతుంది. కొత్త కోడలి ముఖము ఇట్లయితే, అత్తగారు చెప్పే మాటకు ఆమె మూతి విరుస్తున్నదని ఇంటిల్లిపాదీ అనుకొనుట ఎంత సులభమో చూడండి. ఎదుటివారి తప్పు చదువు ఇది. రోగికి వచ్చిన జబ్బు ఒకటి, చుట్టూ ఉన్నవారు ఆ ముఖమును తప్పుగా చదువుట రెండవది.

ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయములో మనస్తత్వ శాస్త్రము బోధించే కాథ్లీన్ బోగార్ట్ గారు పుట్టుకతోనే ముఖము కదలని మోబియస్ అనే స్థితితో పుట్టినవారు. ఆమె పరిశోధనలలో మనకు పనికివచ్చేవి రెండు ఉన్నవి. పుట్టుకతో ఇట్లున్నవారికంటె, పెద్దయిన తరువాత ముఖము కోల్పోయినవారికే దిగులు, ఆందోళన ఎక్కువ. పుట్టుకతో ఉన్నవారు గొంతుతోను, చేతులతోను, మాటలతోను తమ సంతోషమును చెప్పుట చిన్ననాటినుండి నేర్చుకొని ఉంటారు. నలుబది ఏండ్లు ముఖముతో మాట్లాడిన మనిషికి ఒక్క ఉదయములో ఆ భాష పోతుంది. రెండవది, ఆ గొంతు, చేతులు, మాటలు వాడుట పెద్దవారు కూడా నేర్చుకొనవచ్చును. చూచేవారు కూడా ముఖమును వదలి గొంతును వినుట నేర్చుకొనవచ్చును.

ఇక కొలిచే పద్ధతులు. ఆసుపత్రులలో వాడే ప్రశ్నపత్రములు కొన్ని ఉన్నవి. వాటి పేర్లు తెలిసి ఉంటే రోగితో కూడ వెళ్ళినప్పుడు మనకు అయోమయము ఉండదు. ఫేషియల్ డిజెబిలిటీ ఇండెక్స్ అనేది 1996లో వాన్‌స్వేరింజెన్, బ్రాక్ అనేవారు తయారుచేసినది. అందులో పదే ప్రశ్నలు. ఐదు శరీరమును గూర్చినవి: తినునప్పుడు ముద్ద నోటిలో నిలుస్తున్నదా, గ్లాసుతో త్రాగగలుగుతున్నారా, కొన్ని శబ్దములు పలుకుట కష్టముగా ఉన్నదా, కన్ను కారుచున్నదా లేక ఎండిపోవుచున్నదా, పళ్ళు తోముకొనుట, పుక్కిలించుట ఎట్లున్నది. మిగిలిన ఐదు మనస్సును, నలుగురిలో మెలగుటను గూర్చినవి: నెమ్మదిగా ఉండగలుగుతున్నారా, చుట్టూ ఉన్నవారికి దూరముగా ఉంటున్నారా, చిరాకు పడుచున్నారా, రాత్రి మెలకువ వచ్చేస్తున్నదా, ముఖము కారణముగా బయటికి వెళ్ళుట మానుకొన్నారా. 2001లో వచ్చిన ఫేస్ స్కేలులో 15 ప్రశ్నలు ఉంటాయి, 100 మార్కులకు లెక్క కడతారు. ఇవిగాక దిగులును, ఆందోళనను మాత్రమే కొలిచేవి ఉన్నవి. 1983 నాటి హాస్పిటల్ యాంగ్జైటీ అండ్ డిప్రెషన్ స్కేలులో 14 ప్రశ్నలు, సగము ఆందోళనకు, సగము క్రుంగుదలకు. పి.హెచ్.క్యూ.–9 అనేదానిలో తొమ్మిది ప్రశ్నలు, మొత్తము 27 మార్కులు. 10 గాని అంతకుమించి గాని వస్తే వైద్యుడు వివరముగా చూడవలసి ఉంటుంది. ఇక్కడ మార్కులు ఎక్కువ వస్తే బాధ ఎక్కువ అని అర్థము, బడి మార్కుల వంటివి కావు.

ఈ పత్రములన్నిటిలో మాకు ఎక్కువ నచ్చినది ముఖ పక్షవాతము కొరకు తయారైనది కాదు. కుష్ఠు మొదలైన వ్యాధులవలన వెలివేతకు గురియైన వారి కొరకు నేపాలు, భారతదేశము, బ్రెజిల్ దేశములలో తయారుచేసి 2006లో ప్రకటించిన పార్టిసిపేషన్ స్కేలు అది. అందులో 18 ప్రశ్నలు. ప్రతి ప్రశ్న రోగిని అతని ఈడువారితో, అతనివంటివారితో పోల్చి అడుగుతుంది. నీవంటి ఇతరులకు దొరికినట్లే నీకు పని దొరుకుచున్నదా? వారివలెనే నీవును ఇతరుల ఇండ్లకు వెళ్ళుచున్నావా? పండుగలలో, శుభకార్యములలో వారివలెనే పాల్గొనుచున్నావా? ఇట్లు పోల్చి అడుగుట ఎందుకు మంచిదంటే, బీదవాడు హోటలుకు వెళ్ళకపోవుటకు కారణము ముఖము కాకపోవచ్చును, చేతిలో డబ్బు లేకపోవచ్చును. విదేశములలో పుట్టిన ప్రశ్నలలో హోటలులో భోజనము చేయుట, దుకాణములకు వెళ్ళుట వంటివి ఉంటాయి. షోలాపూరులో ఇంటిలోనే కూర్చొని బీడీలు చుట్టే సహోదరిని ఆ ప్రశ్న అడిగితే ఏమి తెలుస్తుంది? పెండ్లి పంక్తిలో కూర్చొంటున్నదా అని అడిగితే తెలుస్తుంది.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పవలెను. తరతరాలుగా తమిళ, కన్నడ, మరాఠీ, ఒడియా ప్రాంతములలో స్థిరపడినవారము మనము. ఆసుపత్రిలో ప్రశ్నలు ఆయా రాష్ట్రపు భాషలో వస్తాయి. పెద్దవారు "ఆఁ, ఆఁ" అని తలయూపుతారు గాని, మనస్సులోని మాట ఇంటి భాషలోనే ఉంటుంది. డిప్రెషన్ ఉన్నదా అని అడిగితే "అదేమీ లేదండీ, నేనేమైనా పిచ్చివాడినా" అంటారు. బెంగగా ఉన్నదా, దిగులుగా ఉన్నదా, మనస్సు ఎట్లో ఉంటున్నదా, తిండిమీద ధ్యాస ఉన్నదా, నిద్ర పడుతున్నదా అని అడిగితే జవాబు వస్తుంది. పత్రములోని ప్రశ్నలను మనము అక్కడికక్కడ తెలుగు చేసి మార్కులు వేయుట మాత్రము తగదు. మాట మారితే కొలత మారుతుంది. మార్కులు వేసే పని శిక్షణ పొందినవారికి విడిచి, మనము వినే పని చేయాలి. రోగికి తోడుగా వెళ్ళి తెలుగులో చెప్పినదానిని ఉన్నది ఉన్నట్లు వైద్యునికి అందించుట కూడా చిన్న పని కాదు. భర్తయో కుమారుడో మధ్యలో నిలబడి తర్జుమా చేస్తే "ఏమీ లేదు డాక్టరుగారూ, బాగానే ఉంది" అని ముగిసిపోవుట తరచుగా చూస్తున్నాము.

వినుట ఎట్లో ఒక ఉదాహరణ ఇస్తాము. మూడు నెలలుగా సంఘమునకు రాని ఒక సహోదరి ఇంటికి పెద్ద ఒకరు తన భార్యతో వెళ్ళినారు. ముఖము మాట ఎత్తలేదు.

"అమ్మా, భోజనము పిల్లలతో కూర్చొని చేస్తున్నావా?"

"లేదండీ అయ్యగారూ. వాళ్ళు తిన్నాక వంటింట్లో తింటాను."

"ఎప్పటినుంచి?"

"ఇది వచ్చినప్పటినుంచే. పప్పు, చారు ప్రక్కనుంచి కారిపోతుందండీ. చిన్నవాడు చూస్తూ ఉంటాడు."

"వాడు ఏమైనా అన్నాడా?"

"ఏమీ అనలేదు. చూశాడు, అంతే."

పెద్దాయన భార్య అప్పుడు అడిగినది: "ఆదివారము రాకపోవటము కూడా అందుకేనా, వదినా?" ఆ సహోదరి చాలాసేపు ఊరకున్నది. తరువాత, ప్రభు భోజనపు గిన్నె పెదవులకు ఆనదని, తెల్లచీరమీద ద్రాక్షారసము పడిన ఆదివారమునుండి రాలేదని చెప్పినది. నాలుగు ప్రశ్నలలో ఇంత తెలిసినది. ఎవరూ సలహా చెప్పకుండా విన్నందున తెలిసినది. తరువాత నెల ఆమె ప్రక్కన ఒక సహోదరి చిన్న చేతిరుమాలుతో కూర్చొన్నది. గిన్నెను నోటికి మంచి వైపున ఆనించుకొనుమని ఆసుపత్రిలో నేర్పినారు. ఆమె మరల వస్తున్నది.

తెలుగు పలుకుబడికి సంబంధించిన సంగతి ఒకటి ఉపాధ్యాయులకు వెంటనే తడుతుంది. పెదవులు రెండూ కలిస్తేగాని పలుకనివి ప, ఫ, బ, భ, మ అక్షరములు. వీటిని ఓష్ఠ్యములని బడిలో చెప్పుకొన్నాము. పెదవి సగము కదలనివానికి దెబ్బ తగిలేది సరిగా ఇక్కడనే. అమ్మ, బాబు, పాప, మామ, బావ – ఇంటిలో మనుషులను పిలుచుకొనే పిలుపులు ఎన్ని పెదవులమీద ఉన్నవో చూడండి. ఫోనులో మాట్లాడే ఉద్యోగి, బడిలో పాఠము చెప్పే టీచరు, సంతలో కేకలు వేసి సరకు అమ్మేవాడు, క్వయరులో పాడే యువతి తమ పనిలోనే తడబడతారు. వారిని "మాట ఎట్లున్నది" అని పైపైన అడుగక, పనిలో ఏ చోట ఆగిపోతున్నారో అడగాలి. ఇంకా రెండు సంగతులు బయటికి కనబడవు. ముఖ నాడి నాలుకయొక్క ముందు భాగమునకు రుచి కూడా తెస్తుంది గనుక వంట చేసే ఆమెకు ఉప్పు, పులుపు సరిగా తెలియకపోవచ్చును. కూర ఉప్పగా ఉన్నదని ఇంటిలో విసుగుకొనేవారు ఇది ఎరుగరు. ఆ వైపు చెవికి శబ్దములు మామూలుకంటె పెద్దవిగా వినబడవచ్చును. పిల్లల కేకలకు తల పట్టుకొంటే కోపిష్టి అయినదని పేరు వస్తుంది.

ఏండ్లు గడిచినవారి బాధ వేరొక రకముగా ఉంటుంది. నాడి తిరిగి పెరిగేటప్పుడు కొమ్మలు దారి తప్పి కలుస్తాయి. నవ్వబోతే కన్ను మూసుకొంటుంది, కన్ను ఆర్పితే మూతి లాగుతుంది. కొందరికి ముద్ద నమలుచుండగా కంటినీరు కారుతుంది. దీనిని వైద్యులు మొసలి కన్నీరు అని పిలుస్తారు. మన భాషలో ఆ మాటకు దొంగ ఏడుపు అని అర్థముండుట ఈ రోగుల దురదృష్టము. పెండ్లి భోజనములో కన్నీరు కారితే ఎవరైనా శుభమా అని ఏడుస్తున్నావేమని గద్దిస్తారు. ఇటువంటివారిని చూచి "ఎప్పుడో తగ్గిపోయిందిగా" అనుకొని లెక్కనుండి తీసివేయవద్దు. కండరములను సడలించే సూదిమందులు, ముఖ వ్యాయామము, పూర్తిగా చచ్చుబడినవారికి తొడనుండి కండరము తెచ్చి నవ్వును నిలబెట్టే ఆపరేషన్లు ఉన్నవి. తొడ కండరముతో చేసే ఆపరేషనును జపాను వైద్యులు 1976లో ప్రకటించారు. కుష్ఠువలన మూతపడని కన్నులకు కణతలోని కండరమును వాడి చేసే ఆపరేషన్లు మన దేశములో చాలాకాలమునుండి జరుగుచున్నవి. వాటిని చేయించుకొనాలా వద్దా అన్నది రోగి నిర్ణయము. చేయించుకొంటే మనస్సు దానంతట అదే బాగుపడుతుందని ముందుగా మాట ఇవ్వరాదు.

కుష్ఠు మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. ముఖము వంకరపోగానే ఇరుగుపొరుగు కారణములు వెదకుతారు. పెద్దరోగమని ఒకరు, చేతబడి అని ఒకరు, తల్లిదండ్రుల పాపమని ఇంకొకరు. పెండ్లికి ఎదిగిన పిల్లలున్న ఇంటిలో ఈ గుసగుసలు చేసే నష్టము జబ్బు చేసే నష్టముకంటె తక్కువ కాదు. అందుచేత "ఇది ఎందుకు వచ్చిందని మీరు అనుకొంటున్నారు? మీవాళ్ళు ఏమనుకొంటున్నారు?" అనే రెండు ప్రశ్నలు తప్పక అడగాలి. ప్రార్థన తక్కువైనందున వచ్చిందని రోగితో అనే విశ్వాసులు కూడా లేకపోలేదు. అటువంటివారిని పరామర్శకు పంపకపోవుటయే మంచిదని మా అభిప్రాయము. కుష్ఠు అయినా దానికి మందు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇస్తున్నారు, పూర్తిగా నయమవుతుంది. దాచుటవలననే నష్టము.

నలుగురి ఎదుట నిలబడవలసిన పనిలో ఉండి, ఈ ముఖముతోనే నిలబడిన ఒకరి సంగతి చెబుతాము. కెనడా దేశమునకు 1993 నుండి 2003 వరకు ప్రధానమంత్రిగా ఉన్న జాన్ క్రెత్యేన్ గారికి చిన్నతనములో బెల్స్ పాల్సీ వచ్చి మూతి ఒక వైపునకు నిలిచిపోయినది. 1993 ఎన్నికలలో ఎదుటి పక్షమువారు ఆయన ముఖపు వంకరను దగ్గరగా చూపే ఫోటోలతో టెలివిజనులో ప్రకటన వేశారు. ఇటువంటివాడు ప్రధానమంత్రి అయితే మనకు సిగ్గు కాదా అన్నట్లుగా ఉన్నదది. దేశమంతా ఆగ్రహించినందున కొద్ది గంటలలోనే దానిని వెనుకకు తీసుకొన్నారు. దేవుడు తనకు ఈ లోపము ఇచ్చాడని, దానిని తాను అంగీకరించానని క్రెత్యేన్ గారు జవాబిచ్చారు. తాను నోటికి ఒక ప్రక్కనుండియే మాట్లాడతానని, రెండు ప్రక్కలనుండి మాట్లాడేది ఎదుటి పక్షమువారని హాస్యము కూడ చేశారు. అప్పటివరకు అధికారములో ఉన్న ఆ పక్షమునకు ఆ ఎన్నికలో రెండే స్థానములు దక్కినవి. ఓటమికి కారణములు అనేకము, ఈ ఒక్క ప్రకటనయే అనలేము. మన రోగులకు ఈ కథ చెప్పి "చూడు, ఆయన ప్రధానమంత్రి అయ్యాడు, నీవేమో ఇంట్లో కూర్చున్నావు" అని మాత్రము అనవద్దు. ఆయనకు అలవాటుపడుటకు ఏండ్లు పట్టినవి. మన సహోదరునికి నిన్న వచ్చినది.

ఇక అన్నిటికంటె జాగ్రత్తగా అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. పి.హెచ్.క్యూ.లో తొమ్మిదవది అదే. చనిపోతే బాగుండుననిగాని, తనకు తాను హాని చేసికొనాలనిగాని ఆలోచన వచ్చినదా? ఈ మాట అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది భయపడి అడుగరు. అడుగుటవలన అట్లు జరగదని మానసిక వైద్యులు గట్టిగా చెబుతున్నారు. అడిగినందున బరువు దిగుతుంది. "ఇంత కష్టములో కొందరికి బ్రతకాలనిపించదు, నీకు ఎప్పుడైనా అట్లా అనిపించిందా నాయనా?" అని నెమ్మదిగా, ఇతరులు లేని చోట అడగాలి. ఔనంటే దిగ్భ్రాంతి చూపవద్దు, ప్రసంగము చేయవద్దు, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయవద్దు. ఆ మనిషిని ఒంటరిగా విడువక, పురుగుల మందు వంటివి ఇంటిలోనుండి తీయించి, అదే రోజున వైద్యునికి చూపించాలి. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ ఫోను నెంబరు 14416 రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, ఉచితము, తెలుగులో కూడా మాట్లాడతారు. ఇతర రాష్ట్రములలో ఉన్న మనవారికి ఇది ముఖ్యముగా తెలియవలసిన సంగతి గనుక ఈ నెంబరును సంఘపు నోటీసు బోర్డుమీద వ్రాసి ఉంచవలెనని కాపరులను కోరుతున్నాము.

ఒకసారి అడిగి విడిచిపెట్టినది మూల్యాంకనము కాదు. జబ్బు వచ్చిన మొదటి వారములో భయము ఎక్కువగా ఉంటుంది, అప్పుడు మనస్సును కొలిచి ప్రయోజనము తక్కువ. మూడు వారములకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి మరల అవే ప్రశ్నలు అడిగి తేదీతో పుస్తకములో వ్రాసికొంటే మార్పు కనబడుతుంది. మూడు, నాలుగు నెలలకు కూడ కదలిక ఏమాత్రము రాకపోతే వేరే కారణమున్నదేమో చూడుటకు పెద్ద ఆసుపత్రికి పంపవలెను. ఆ పుస్తకము మన దగ్గరనే ఉండాలి, సంఘ కూటములో చదువరాదు.

తరగతి నడిపేవారికి ఒక చిన్న అభ్యాసము. ఒక్కొక్కరు తమ చెంపను, పెదవుల చివరను ఒక చేతితో గట్టిగా ప్రక్కకు అదిమిపట్టి, మొదట గ్లాసుతో నీళ్ళు త్రాగాలి. తరువాత ప్రక్కవారితో "మా బాబు పాపమ్మ బొమ్మ పట్టుకొన్నాడు" అని మూడుసార్లు చెప్పాలి. చివరగా, మంచివార్త విన్నట్లు ఆ ముఖముతో నవ్వాలి. తరగతి అంతా నవ్వులలో పడుతుంది, పడనివ్వండి. నవ్వు ఆగిన తరువాత ఎదుటనున్నవారు ఆ ముఖములో ఏమి చూచారో, పట్టుకొన్నవారికి లోపల ఏమనిపించినదో ఇద్దరినీ విడివిడిగా అడిగి, నల్లబల్లమీద రెండు వరుసలుగా వ్రాయించండి. తరగతిలో నిజముగా ఈ జబ్బు వచ్చినవారు ఎవరైనా ఉంటే ముందురోజే వారి ఇంటికి వెళ్ళి, ఈ అభ్యాసము చేయించవచ్చునా అని వారినే అడగండి. వద్దంటే మానివేయండి.